ఉచిత డేటింగ్ సైటు ఖర్చు ఎవరు భరిస్తున్నారు: ప్రకటనల ఆదాయం నడిచే తీరు

ఖాతా తెరవడానికి డబ్బు అడగని డేటింగ్ సైటుకు కూడా ఖర్చులు తప్పవు. లక్షల కొద్దీ ఫొటోలను దాచే సర్వర్లకు అద్దె కట్టాలి, అసభ్యమైన ఫొటోలనూ దొంగ ఖాతాలనూ ఏరివేసే సిబ్బందికి జీతాలివ్వాలి, ఫిర్యాదులు వినేవారిని పెట్టుకోవాలి. ఈ డబ్బంతా ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: మన దగ్గర డబ్బు తీసుకోవడం లేదంటే మన సమాచారాన్ని అమ్ముకుంటున్నట్టే అని. ఆ జవాబులో నిజం ఉంది గానీ, అది పూర్తి నిజం కాదు. ప్రకటనల మీద బతికే సైటు అన్నిటికన్నా ముందు అమ్మేది సభ్యుల సమయాన్ని. వారి సమాచారం ఆ సమయానికి పలికే ధరను పెంచుతుంది. ఈ రెండిటినీ విడదీసి చూస్తే గానీ ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో, అందులో అసలు ప్రమాదం ఎక్కడుందో బోధపడదు.

## ఉచితంలో మూడు రకాలు

మొదటి రకంలో ఖాతా తెరవడం, వెతకడం, సందేశం పంపడం, జవాబివ్వడం అన్నీ ఉచితమే, ఆదాయం దాదాపు పూర్తిగా ప్రకటనలదే. 2003లో వచ్చిన ప్లెంటీ ఆఫ్ ఫిష్, 2004లో వచ్చిన ఓకేక్యుపిడ్ తొలినాళ్లలో ఇలాగే నడిచాయి. రెండో రకంలో ప్రాథమిక సేవ ఉచితంగా ఇచ్చి, అదనపు సదుపాయాలకు చందా తీసుకుంటారు. టిండర్, బంబుల్ వంటి నేటి యాప్‌లు ఈ కోవలోవి. మూడో రకం తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమున్నదే. మ్యాట్రిమోనీ సైట్లలో ప్రొఫైల్ పెట్టడానికి డబ్బు అక్కర్లేదు, సంబంధాలు చూడడానికీ అక్కర్లేదు, అవతలివారి ఫోన్ నంబరు కావాలంటే మాత్రం ప్యాకేజీ కట్టాలి. ఇక్కడ ఉచితంగా ఉన్న సభ్యుడు, డబ్బు కట్టిన సభ్యుడికి చూపించే జాబితాలో ఒక పేరు. అతను ప్రకటనలు చూశాడా లేదా అన్నది ఆ సైటుకు పెద్ద విషయం కాదు.

మొదటి రకం ఎంత భిన్నమైనదో తెలియాలంటే దినపత్రికల్లో వచ్చే వధూవరుల ప్రకటనలను గుర్తుచేసుకుంటే చాలు. అక్కడ సంబంధం వెతికేవారే పత్రికకు డబ్బు కడతారు. ఉచిత డేటింగ్ సైటులో వెతికేవారిలో ఎవరూ కట్టరు. వారు చూస్తున్న పేజీ పక్కన తన సరుకును చూపించుకోవాలనుకునే మూడో మనిషి కడతాడు. ఆ ఇద్దరికీ జత కుదిరిందా లేదా అన్నదానితో ఆ మూడో మనిషికి పని లేదు, వాళ్లు ఆ పేజీకి మళ్లీ మళ్లీ వస్తే చాలు. ఈ వ్యాపారంలోని మంచి చెడ్డలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

## వాంకూవర్‌లో ఒక్కడు నడిపిన సైటు

ఈ పద్ధతికి ప్లెంటీ ఆఫ్ ఫిష్‌కు మించిన ఉదాహరణ లేదు. కెనడాలోని వాంకూవర్‌లో మార్కస్ ఫ్రిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని ఒక్కడే కూర్చుని తయారుచేశాడు. అదే 2003లో గూగుల్ యాడ్‌సెన్స్ కూడా మొదలైంది. అంతకుముందు చిన్న సైటు యజమాని ప్రకటనలు కావాలంటే కంపెనీల చుట్టూ తిరగాల్సి వచ్చేది. యాడ్‌సెన్స్ వచ్చాక పేజీలో కొద్దిపాటి కోడ్ పెడితే చాలు, ప్రకటనలను గూగులే తెచ్చి వేసి, వచ్చిన డబ్బులో వాటా పంపడం మొదలుపెట్టింది. మామూలు వెబ్ పేజీల మీద ప్రకటనదారు కట్టే ప్రతి 100 డాలర్లలో 68 డాలర్లు సైటు యజమానికి ఇస్తున్నామని గూగుల్ 2010లో వెల్లడించింది.

2006లో ఫ్రిండ్ తనకు యాడ్‌సెన్స్ నుంచి వచ్చిన ఒక చెక్కు ఫొటోను ఇంటర్నెట్‌లో పెట్టాడు. రెండు నెలల ఆదాయంగా వచ్చిన ఆ చెక్కు మీది మొత్తం దాదాపు 9 లక్షల కెనడా డాలర్లు. సొంత అపార్ట్‌మెంటు నుంచి సైటు నడుపుతున్న మనిషికి అంత ఆదాయమంటే చాలామంది నమ్మలేదు. నిజానికి రహస్యం ఆదాయంలో కన్నా ఖర్చులో ఉంది. సైటులోని ఫొటోలూ రాతలూ సభ్యులే ఉచితంగా సమకూరుస్తారు. సభ్యులను తెచ్చేది ఒకరి నుంచి ఒకరికి పాకే మాట. సర్వర్లు కొద్దిగానే ఉండేవి. అలాంటి చోట ఒక్కో పేజీ మీద నయాపైసల్లో వచ్చే డబ్బు కూడా మిగులే.

ఆ సైటులోని ఒక చిన్న లోపం ఈ వ్యాపారం లోగుట్టును బాగా చూపిస్తుంది. వెతుకులాట ఫలితాల పేజీలో సభ్యుల ఫొటోలు చదరపు గడిలో ఇరికించినట్టుగా సాగిపోయి, ముఖాలు వంకరగా కనిపించేవి. దాన్ని సరిచేయడం ఏ ప్రోగ్రామరుకైనా పెద్ద పనేమీ కాదు. అయినా ఫ్రిండ్ దాన్ని అలాగే ఉంచాడని 2009లో ఒక అమెరికన్ వ్యాపార పత్రిక రాసింది. ముఖం సరిగ్గా కనిపించకపోతే చూసేవారు ఆ ప్రొఫైల్ మీద నొక్కి లోపలికి వెళ్తారు. లోపలికి వెళ్తే మరో పేజీ తెరుచుకుంటుంది, ఆ పేజీలో మరిన్ని ప్రకటనలు ఉంటాయి. సభ్యుడికి అది చికాకు, సైటుకు అది రాబడి. ప్రకటనల మీద నడిచే ఏ సైటునైనా అర్థం చేసుకోవాలంటే, ఇందులో ఏ అడుగు నాకు అవసరం, ఏ అడుగు పేజీల లెక్కకు అవసరం అని అడగడమే సరైన మార్గమని నాకు అనిపిస్తుంది.

## వెయ్యిసార్లు చూపితే ఎంత

ప్రకటన ఒకసారి తెర మీద కనిపించడాన్ని ఒక ప్రదర్శన అంటారు. ప్రకటనలకు డబ్బు లెక్కగట్టే పద్ధతులు ముఖ్యంగా మూడు. వెయ్యి ప్రదర్శనలకు ఇంతని కట్టడం ఒకటి, ఎవరైనా ప్రకటన మీద నొక్కితేనే కట్టడం రెండోది, నొక్కినవారు వెళ్లి ఖాతా తెరవడమో వస్తువు కొనడమో చేస్తేనే కట్టడం మూడోది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రకటనను 1 లక్షసార్లు చూపించారనుకుందాం. ప్రతి వెయ్యి ప్రదర్శనలకు ఒకరు నొక్కితే 100 క్లిక్కులు వస్తాయి. వారిలో ముగ్గురు ప్రకటనదారు దగ్గర ఖాతా తెరిచారు. వెయ్యి ప్రదర్శనలకు 10 రూపాయల చొప్పున ఒప్పుకుని ఉంటే సైటుకు 1,000 రూపాయలు వస్తాయి. క్లిక్కుకు 8 రూపాయలైతే 800 వస్తాయి. ఖాతాకు 250 రూపాయలైతే 750 వస్తాయి. మొదటి పద్ధతిలో ఎవరూ నొక్కకపోయినా నష్టం ప్రకటనదారుది, మూడో పద్ధతిలో ఎవరూ చేరకపోతే నష్టం సైటుది. తెర మీద ఖాళీ ఏర్పడిన ప్రతిసారీ ఈ మూడు రకాల కొనుగోలుదారులూ ఆటోమేటిక్ వేలంలో పోటీపడతారు, వారు ఇవ్వజూపిన ధరలన్నిటినీ వెయ్యి ప్రదర్శనల ధరలోకి మార్చి పోల్చుతారు.

ఇప్పుడు సైటు వైపు నుంచి చూద్దాం. రోజూ 1 లక్షమంది వస్తారు, ఒక్కొక్కరు 40 పేజీలు తిరగేస్తారు, పేజీకి రెండు ప్రకటనలు పట్టే చోటు ఉంది. అంటే రోజుకు 80 లక్షల ప్రదర్శనలకు చోటుంది. అన్ని చోట్లకూ కొనుగోలుదారు దొరకడు కనుక 70 శాతమే నిండుతుందనుకుంటే 56 లక్షలు. వెయ్యికి 10 రూపాయల చొప్పున రోజుకు 56,000 రూపాయలు, 30 రోజుల నెలకు 16 లక్షల 80 వేలు. ఇప్పుడు కొత్త సభ్యుడు ఒక్కడు కూడా చేరకుండా, ఉన్నవారే 40కి బదులు 50 పేజీలు తిరిగేలా చేస్తే ఆదాయం 21 లక్షలకు చేరుతుంది. వంకర ఫొటోలను సరిచేయకపోవడానికి కారణం ఈ 4 లక్షల 20 వేలలో ఉంది.

ఇదే లెక్కను ఒక్క సభ్యుడికి కుదిస్తే మరో సంగతి బయటపడుతుంది. ఒక్కొక్కరి వల్ల సైటుకు వచ్చేది రోజుకు 56 పైసలు, నెలకు దాదాపు 17 రూపాయలు. ఇది ఊహా లెక్కే అయినా అసలు సైట్లలోనూ తీరు ఇదే: ప్రకటనల ఆదాయంలో ఒక్కో మనిషి వాటా చాలా చిన్నది, జనం సంఖ్య పెద్దదైతేనే అది కూడబడుతుంది. అందువల్ల కొద్దిమంది కోసం, ఒక భాష వారి కోసం, ఒక చిన్న ప్రాంతం కోసం పెట్టిన ఉచిత డేటింగ్ సైటు కేవలం ప్రకటనలతో నిలదొక్కుకోవడం చాలా కష్టం.

## ప్రకటనలు ఇచ్చేది ఎవరు

సబ్బులు, కార్లు, బంగారం అమ్మే పెద్ద కంపెనీలు డేటింగ్ పేజీల దగ్గర తటపటాయిస్తాయి. అక్కడి ఫొటోలూ మాటలూ అపరిచితులవి, తమ పేరు పక్కన ఏది కనిపిస్తుందో ముందుగా చెప్పలేరు. పైగా ముఖాలు చూడడానికి వచ్చినవారి కళ్లు ప్రకటన మీద నిలవవు, పేజీలు ఎన్ని తిరగేసినా నొక్కేవారు తక్కువ. ఈ రెండు కారణాల వల్ల అలాంటి పేజీల మీది ప్రకటనల ధర వార్తల సైట్ల కన్నా, షాపింగ్ సైట్ల కన్నా సాధారణంగా తక్కువే పలుకుతుంది.

మరి ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడేది ఎవరు? ప్లెంటీ ఆఫ్ ఫిష్‌లో ప్రకటనలు ఇచ్చినవారిలో చందా తీసుకునే డేటింగ్ సైట్లు ముఖ్యమైనవి. మొదట వింతగా అనిపించినా ఇందులో తర్కం ఉంది. చందా సైటుకు ఒక కొత్త సభ్యుడు దొరికితే నెలల తరబడి డబ్బు వస్తుంది, కాబట్టి అతణ్ణి తెచ్చిన క్లిక్కుకు మిగతావారి కన్నా ఎక్కువ ఇవ్వగలదు. ఉచిత సైటులో పదిమందికి సందేశాలు పంపి ఒక్క జవాబూ రాని మనిషి, పక్కనే కనిపించే మరో సైటు ప్రకటన మీద నొక్కే అవకాశం ఎక్కువ. సంతోషంగా మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆ ప్రకటన వైపు చూడరు. ఉచిత సైటు ఖరీదైన క్లిక్కుల్లో కొంత భాగం తన దగ్గర ఫలితం దొరకని సభ్యుల నుంచి వచ్చిందన్న మాట.

ప్రకటన స్థలాన్ని సైటు తానే వాడుకోవడం కూడా మామూలే. మీ ప్రొఫైల్‌ను ఎవరు ఇష్టపడ్డారో చూడాలంటే చందా కట్టండి అని కనిపించేది కూడా ప్రకటనే. బయటివాళ్లు ఆ స్థలానికి తక్కువ ధర ఇస్తున్నప్పుడు సొంత చందాను అమ్ముకోవడం లాభసాటి, నేటి యాప్‌లలో ఎక్కువగా కనిపించేవి ఇవే.

## సభ్యుడి సమాచారం వెళ్లే రెండు దారులు

డేటింగ్ సైటుకు ఇతర సైట్లకు లేని ఒక సౌకర్యం ఉంది. వయసు, ఊరు, చదువు, మతం, సిగరెట్ తాగుతారా, పిల్లలున్నారా అన్నవన్నీ సభ్యులే కావాలని రాసిపెడతారు. ఈ వివరాలను ప్రకటనలకు వాడుకునే తీరు రెండు రకాలు, వాటి మధ్య తేడా చాలా పెద్దది.

మొదటి దారిలో సమాచారం సైటు గడప దాటదు. ప్లెంటీ ఆఫ్ ఫిష్ కొంతకాలానికి సొంత ప్రకటనల వేదికను పెట్టింది. ప్రకటనదారు వచ్చి, ఫలానా వయసులో, ఫలానా ఊరిలో, ఈ చదువు చదివినవారికి మాత్రమే చూపించండి అని ఎంచుకునేవాడు. ఎవరికి చూపించాలో సైటు లోపలే తేల్చుకుంటుంది, ఆ మనుషులెవరో ప్రకటనదారుకు తెలియదు. సభ్యుడు ఆ ప్రకటన మీద నొక్కి అవతలి సైటుకు వెళ్తేనే ఆ గుంపులోని మనిషి అని అవతలివారు గ్రహించగలరు.

రెండో దారి ఇప్పటి యాప్‌లలో సాధారణం. యాప్ లోపల ప్రకటనల కంపెనీల కోడ్ చేర్చి ఉంటుంది. తెర మీద ఖాళీ రాగానే ఆ కోడ్ ఒక వేలం పిలుపును బయటికి పంపుతుంది. ఆ పిలుపులో యాప్ పేరు, ఫోన్ రకం, ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఫోనును గుర్తించే సంఖ్య), ఫోనుకు కేటాయించిన ప్రకటనల గుర్తింపు సంఖ్య తరచుగా ఉంటాయి. కొన్నిసార్లు వయసు, లింగం, జీపీఎస్ ద్వారా తెలిసిన చోటు కూడా ఉంటాయి. వేలం పాడాలంటే చూడాలి కనుక ఈ పిలుపు ఎన్నో కంపెనీల కంప్యూటర్లకు ఒకేసారి చేరుతుంది. గెలిచేది ఒక్కరే అయినా చదివినవారు అనేకులు. రెప్పపాటులో ముగిసే ఈ వ్యవహారంలో సభ్యుడి పేరు ఎక్కడా ఉండదు. కానీ ఒకే గుర్తింపు సంఖ్య రాత్రిళ్లు ఒక ఇంట్లో, పగళ్లు ఒక ఆఫీసులో కనిపిస్తూ ఉంటే పేరు కనిపెట్టడం కష్టం కాదు. 2021లో అమెరికాలో ఒక క్యాథలిక్ వార్తా సంస్థ, మార్కెట్లో కొనదగిన ఇలాంటి యాప్ సమాచారం ఆధారంగానే ఒక మతాధికారి ఫోన్ కదలికలను గుర్తుపట్టింది. ఆయన పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది.

మా సమాచారాన్ని అమ్ముతున్నారా అన్న ప్రశ్నకు కంపెనీలు లేదని చెప్పడం, విమర్శకులు అవునని చెప్పడం ఈ రెండో దారి వల్లనే. కంపెనీ అమ్మేది ప్రకటన స్థలాన్ని, సమాచారానికి విడిగా ధర కట్టదు. అయితే సమాచారం జతచేయకపోతే ఆ స్థలానికి ధర తగ్గుతుంది. సమాచారం చేతులు మారింది, దానివల్ల ఆదాయమూ పెరిగింది. అమ్మకమన్న పేరు దీనికి చట్టపరంగా వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కో దేశపు చట్టంలోని నిర్వచనాన్ని బట్టి ఉంటుంది, సభ్యుడికి కలిగే ఫలితంలో మాత్రం తేడా లేదు.

## నార్వేలో గ్రైండర్ కేసు

ఈ వివాదం తేటగా బయటపడింది నార్వేలో. 2020 జనవరిలో అక్కడి వినియోగదారుల మండలి, గే, బై, ట్రాన్స్ వ్యక్తుల కోసం నడిచే గ్రైండర్ యాప్ మీద ఫిర్యాదు చేసింది. యాప్‌ను ఉచితంగా వాడేవారి జీపీఎస్ చోటు, ఐపీ చిరునామా, ప్రకటనల గుర్తింపు సంఖ్య, వయసు, లింగం ప్రకటనల కంపెనీలకు వెళ్తున్నాయని అందులో చూపించింది. గ్రైండర్ వాదన రెండు ముక్కల్లో చెప్పవచ్చు: సభ్యులు అంగీకారం తెలిపారు, పైగా యాప్ వాడుతున్నంత మాత్రాన ఒక మనిషి లైంగికత తెలిసిపోయినట్టు కాదు.

నార్వే డేటా రక్షణ సంస్థ ఈ రెండిటినీ ఒప్పుకోలేదు. గోప్యతా విధానం మొత్తానికి ఒకే బటన్ నొక్కమని, నొక్కకపోతే యాప్ వాడనివ్వకపోవడాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారం అనలేమంది. ఫలానా వ్యక్తి ఆ యాప్ వాడుతున్నాడన్న ఒక్క సంగతే అతని లైంగికత గురించి చెబుతుందనీ, యూరప్ చట్టం కింద దానికి ప్రత్యేక రక్షణ ఉందనీ తేల్చింది. మొదట 10 కోట్ల క్రోనర్ల జరిమానా వేయాలనుకుని, 2021 డిసెంబరులో 6 కోట్ల 50 లక్షల క్రోనర్లుగా ఖరారు చేసింది. 2024లో ఓస్లో జిల్లా కోర్టు కూడా ఆ జరిమానాను సమర్థించింది.

ఇందులో గమనించవలసిన అంశం, ఆ నిర్ణయం ఉచిత సభ్యుల విషయంలో వచ్చినది కావడం. చందా కట్టినవారికి ఆ ప్రకటనలు లేవు కాబట్టి వారి సమాచారం ఆ దారిన పోలేదు. గోప్యత ఒక ప్రీమియం సదుపాయంగా మారిందన్న విమర్శకు ఇంతకన్నా స్పష్టమైన ఆధారం నాకు కనిపించలేదు.

## ప్రకటనల నుంచి చందాల వైపు

ఇంత చెప్పాక ఒక తిరకాసు ఉంది: నేటి పెద్ద డేటింగ్ కంపెనీలకు ప్రకటనలు ప్రధాన ఆదాయం కాదు. టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, ప్లెంటీ ఆఫ్ ఫిష్‌లన్నీ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. 2023లో దాని మొత్తం ఆదాయం 330 కోట్ల డాలర్లు దాటింది. అందులో ప్రకటనల వంటి పరోక్ష ఆదాయం 2 శాతానికి లోపే. మిగిలినదంతా చందాలూ, విడిగా కొనే సదుపాయాలే.

ఈ మార్పుకు ముఖ్య కారణం మొబైల్ ఫోన్. మన పాత ఊహా సైటులో ఒక్కొక్కరికి రోజుకు 40 పేజీలు, 80 ప్రదర్శనలు ఉండేవి. ఫోనులో వేలితో పక్కకు తోసే కార్డులు వచ్చాయి, తెర చిన్నది, పది కార్డులకు ఒక ప్రకటనకు మించి పెడితే జనం విసుక్కుంటారు. మన ఊహా సైటులో ఒక్కొక్కరు రోజుకు 100 కార్డులు తోస్తే 10 ప్రదర్శనలే వస్తాయి. నిండు తెర ప్రకటన కనుక వెయ్యికి 40 రూపాయలు పలికిందనుకున్నా, 70 శాతం నిండితే రోజుకు 28,000, నెలకు 8 లక్షల 40 వేలే. అదే లక్షమందిలో 5 శాతం నెలకు 500 రూపాయల చందా కడితే 25 లక్షలు వస్తాయి. అందులో యాప్ స్టోర్ 30 శాతం పట్టుకున్నా 17 లక్షల 50 వేలు మిగులుతాయి, అంటే పాత ప్రకటనల ఆదాయం కన్నా ఎక్కువే. 2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్‌లో యాప్‌లు ఇతర యాప్‌లలోని కదలికలను వెంబడించాలంటే ముందుగా అనుమతి అడగాలని ఆపిల్ నిబంధన పెట్టడంతో, గుర్తింపు సంఖ్య లేని ప్రకటనల ధర ఇంకా పడింది.

ప్లెంటీ ఆఫ్ ఫిష్ కూడా తర్వాతి కాలంలో చందా సదుపాయాలు చేర్చుకుంది. 2015లో దాన్ని 57 కోట్ల 50 లక్షల డాలర్లకు మ్యాచ్ గ్రూప్ కొనుక్కుంది. ప్రకటనలు కట్టిన ఇంటిని చందాల కంపెనీ కొన్నది.

చందాల దారిలోనూ మధ్యవర్తి ఉంటాడు. యాప్‌లో వచ్చే చందాలో యాప్ స్టోర్ వాటా సాధారణంగా 15 నుంచి 30 శాతం. తెలుగు మ్యాట్రిమోనీ నడిపే మ్యాట్రిమోనీ డాట్ కామ్ సంస్థ యాప్‌లను 2024 మార్చి 1న గూగుల్ ప్లే స్టోర్ నుంచి తొలగించి, కొద్ది రోజుల్లో మళ్లీ చేర్చడానికి కారణం ఈ రుసుము మీద తగాదాయే. ప్రకటనల ఆదాయం మీద ప్లే స్టోర్‌కు ఆ వాటా వెళ్లదు. అయితే ఆ ప్రకటనలను తెచ్చే కంపెనీల వాటా వేరేగా ఉంటుంది, చాలాసార్లు ఆ కంపెనీ కూడా గూగులే.

## జత కుదిరితే నష్టమా

డేటింగ్ సైటుకు విజయం అంటే ఇద్దరు సభ్యులు వెళ్లిపోవడం. అందుకని సైట్లు నిజంగా జతలు కుదర్చాలనుకోవన్న అనుమానం ఎప్పటి నుంచో ఉంది. ఈ అనుమానాన్ని ఉచిత సైట్లు ఒకప్పుడు చందా సైట్ల మీదికే తిప్పాయి. 2010లో ఓకేక్యుపిడ్ తన బ్లాగులో, ఆన్‌లైన్ డేటింగ్‌కు ఎన్నడూ డబ్బు కట్టవద్దంటూ లెక్కలతో ఒక వ్యాసం రాసింది. చందా సైటులోని ప్రొఫైళ్లలో చాలావరకు డబ్బు కట్టనివారివి, వారికి సందేశం పంపినా వారు జవాబివ్వలేరు, ఆ నిరాశే ఆ సైటు వ్యాపారం అన్నది దాని సారాంశం. 2011లో మ్యాచ్ అనే చందా డేటింగ్ సైటును నడిపే మాతృసంస్థ ఓకేక్యుపిడ్‌ను 5 కోట్ల డాలర్లకు కొన్నాక ఆ వ్యాసం బ్లాగులో కనిపించకుండా పోయింది.

మన లెక్కతో చూస్తే ఆ వాదనలో బలం ఉంది. జత కుదిరి ఇద్దరు వెళ్లిపోతే ప్రకటనల సైటుకు పోయేది నెలకు 34 రూపాయల లోపు. ఇద్దరూ చందాదారులైన సైటుకు పోయేది 1,000 రూపాయలు. పైగా ఆ జంట పదిమందికి చెబితే కొత్తవారు వస్తారు, ఆ 34 రూపాయలు వెంటనే పూడిపోతాయి. ఏ ఒక్క జంటనూ ఆపి ఉంచాల్సిన అవసరం ప్రకటనల సైటుకు తక్కువ. ఇంకో మేలు కూడా ఉంది: అందరికీ జవాబిచ్చే హక్కు ఉండడం వల్ల, జేబులో డబ్బు లేని విద్యార్థి కూడా సమానంగా పాల్గొంటాడు.

ఎదుటి వాదన కూడా తేలిగ్గా తీసేయదగినది కాదు. ప్రకటనల సైటు ఆసక్తి జంట మీద లేదు గానీ, వెతుకులాట పొడవు మీద ఉంది. ఒక పేజీలో తేలే పనికి మూడు పేజీలు పట్టించడం, రోజుకు నాలుగుసార్లు నోటిఫికేషన్‌తో లోపలికి పిలవడం, ఖాతా తెరవడాన్ని మరీ సులువు చేయడం వల్ల దొంగ ప్రొఫైళ్లు పెరిగినా పేజీల లెక్క తగ్గదని ఊరుకోవడం, ఇవన్నీ ఆ ఆసక్తి నుంచి పుట్టగలవు. చందా సైటులో సభ్యుడు విసిగితే చందా ఆపి తన అసంతృప్తిని నేరుగా చూపగలడు. ఉచిత సభ్యుడి చేతిలో అలాంటి పగ్గం లేదు.

అలాగని చందాలకు మారితే ఈ గుణం పోతుందన్నది కూడా రుజువు కాలేదు. యాప్‌లను వ్యసనంలా తయారుచేసి చందాలు లాగుతున్నారని ఆరోపిస్తూ 2024 ఫిబ్రవరి 14న కాలిఫోర్నియాలో మ్యాచ్ గ్రూప్ మీద దావా పడింది. ఆ ఆరోపణలను కంపెనీ కొట్టిపారేసింది. మీ మీద ఎవరో ఆసక్తి చూపారంటూ మోసగాళ్ల ఖాతాల నుంచి వచ్చిన సందేశాలను కూడా ఎరగా వాడి చందాలు కట్టించారని 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మ్యాచ్ మీద కేసు వేసింది. ఆ కేసు 2025 ఆగస్టులో 1 కోటీ 40 లక్షల డాలర్ల చెల్లింపుతో రాజీ అయింది. నా అంచనాలో ఆసక్తుల ఘర్షణ రెండు పద్ధతుల్లోనూ ఉంది. చందా పద్ధతిలో అది సభ్యుడి జేబును తాకుతుంది కనుక కనిపిస్తుంది, ప్రకటనల పద్ధతిలో సమయాన్నీ గోప్యతనూ తాకుతుంది కనుక కనిపించదు.

## భారతదేశంలో చట్టం ఏమంటుంది

2011 నాటి ఐటీ నియమాల్లో లైంగిక దృక్పథాన్ని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా విడిగా పేర్కొన్నారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గం లేదు, అన్ని రకాల వ్యక్తిగత సమాచారానికీ ఒకే కొలత. నార్వేలో గ్రైండర్‌ను పట్టించిన ఆధారాల్లో ఒకటి ఇక్కడ దొరకదన్న మాట. ఇది కొత్త చట్టంలోని లోటేనని నా అభిప్రాయం.

రెండో ఆధారమైన అంగీకారం విషయంలో మాత్రం చట్టం గట్టిగానే ఉంది. అంగీకారం స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతులు లేకుండా ఉండాలనీ, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే అది పరిమితమనీ ఆరో సెక్షన్ చెబుతుంది. దానికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: ఫోన్ ద్వారా వైద్యసలహా ఇచ్చే యాప్ ఒకటి వాడుకరి కాంటాక్టుల జాబితా కూడా చూస్తానని అడిగి అంగీకారం తీసుకున్నా, వైద్యసలహాకు ఆ జాబితా అవసరం లేదు కనుక ఆ అంగీకారం వైద్యసేవకు కావలసిన సమాచారానికే వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారి కదలికలను గమనించి వారికి గురిపెట్టిన ప్రకటనలు వేయడాన్ని తొమ్మిదో సెక్షన్ నిషేధిస్తుంది. ఉల్లంఘనలకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీది ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027లో అమల్లోకి వస్తాయి.

దగ్గర్లో ఉన్నవారిని చూపించడానికి డేటింగ్ యాప్‌కు సభ్యుడి జీపీఎస్ చోటు కావాలి, ఆ పనికి అది అవసరమే. అదే చోటును వేలం పిలుపులో పెట్టి బయటికి పంపడం అవసరమా అన్నది వేరే ప్రశ్న. ప్రకటనలు లేకపోతే ఉచిత సేవే ఉండదు కాబట్టి అదీ అవసరమేనని కంపెనీలు వాదిస్తాయి. చోటు జతచేయకుండా కూడా ప్రకటన వేయవచ్చు, ధర తగ్గుతుందంతే అని ఎదుటివారు అంటారు. ఆరో సెక్షన్‌లోని అవసరం అన్న మాట సేవకు వర్తిస్తుందా, సేవను పోషించే ఆదాయానికి కూడా వర్తిస్తుందా అన్నది ఈ చట్టం కింద ఉల్లంఘనలను విచారించే డేటా రక్షణ బోర్డు ముందుకూ, ఆపైన కోర్టుల ముందుకూ రావలసిన అంశం.